అంబలి తాగితే తిన్నట్టేనా?

‘నేను అడుగుతున్నాను, అంతే. అడగడం కూడా తప్పేనా?’

ఈ మాట ఫోన్లో ఎక్కడ కనబడినా నాకు ఒళ్లు మండుతుంది. ఉద్యోగం దిగిపోయి ఇంట్లో కూర్చున్నాక కూడా ఈ కోపం దేనికని మా వాళ్లు నవ్వుతారు. నవ్వుకోనీ. జనంతో మాట్లాడాల్సిన ఉద్యోగాల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు మీరు. రేపో మాపో మీకూ ఈ మాట ఎదురవుతుంది. ఆ రోజు తప్పు మీదేనేమోనని తల దించుకోకూడదనే ఇది రాస్తున్నాను.

నేను పల్లెల్లో నర్సమ్మగా చేరి సూపర్వైజరుగా దిగిపోయాను. నరసన్నపేట దాటి కొంచెం లోపలికి వెళితే వచ్చే ఊళ్లు మావి. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లు అసలే చెప్పను. అందరూ బతికే ఉన్నారు, అందరి దగ్గరా ఫోన్లూ ఉన్నాయి.

మా వైపు బోదకాలు కొత్త జబ్బు కాదు. దోమకాటుతో పురుగు ఒంట్లో చేరుతుంది. ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా ఉండి ఆనక కాలు పొంగిస్తుంది. పొంగాక మనం చేయగలిగింది తక్కువ. అందుకే పొంగకముందే, జబ్బు ఉన్నవాళ్లూ లేదనుకునేవాళ్లూ అందరూ ఏడాదికోసారి మాత్రలు మింగాలి. చంటిపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ, మంచం పట్టినవాళ్లకీ ఇవ్వం. తక్కినవాళ్లకి రెండే షరతులు. తిన్నాకే మింగాలి. మా కళ్లముందే మింగాలి. చేతికిచ్చి వచ్చేస్తే ఆ మాత్రలు కొంగుముడిలోకో, ఇంటి చూరులోకో పోతాయని మాకు బాగా అనుభవం.

నా సర్వీసు చివరి రోజుల్లో ఆ ఊరికి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. పెట్టింది ఆ ఊళ్లో పనిచేసే నర్సు. నాకు కూతురు వయసుది, చురుకైన పిల్ల. మాత్రల కబురు అందరికీ ఒకేసారి చేరుతుంది కదా అని సంబరపడ్డాం. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని పెద్దలు ఊరికే అనలేదని మాకు ఆ గ్రూపులోనే తెలిసింది.

గ్రూపులో ఒక పెద్దమనిషి ఉండేవాడు. పట్నంలో ఉద్యోగం చేసి, తిరిగొచ్చి ఊళ్లో మేడ కట్టుకున్నాడు. ఏదో వీడియో చానలు కూడా నడిపేవాడు. ఒక్క తప్పు మాట వాడడు, ఎవరినీ ఏకవచనంలో పిలవడు. నమస్కారంతో మొదలుపెట్టి నమస్కారంతో ముగిస్తాడు. మధ్యలో ఉండేది ప్రశ్న.

‘నమస్కారం మేడం. నేను మాత్రలకు వ్యతిరేకిని కాను. కేవలం తెలుసుకోవాలని. ఈ మాత్రల వల్ల ఎవరికీ ఏమీ జరగదని రాతపూర్వకంగా హామీ ఇస్తారా?’

నేను పుస్తకాలు తిరగేసి, మా డాక్టరు గారిని అడిగి, అన్నం చల్లారిపోతున్నా పట్టించుకోకుండా జవాబు టైపు చేశాను. కొందరికి తలనొప్పి, వికారం, కాస్త జ్వరం రావచ్చు, అది ఎందుకు వస్తుందో ఇదీ కారణం, వస్తే ఏం చేయాలో ఇదీ, అని అంతా రాశాను. ఆయన రెండు చేతులూ జోడించిన బొమ్మ పెట్టి, ‘ధన్యవాదాలు. అయితే ఇంకో సందేహం’ అన్నాడు. ఆ సందేహం తీరిస్తే ఇంకోటి. దోమల సంగతి చూడకుండా మాత్రలెందుకు? కాలవలు బాగు చేయకుండా దోమల సంగతేమిటి? కాలవల సంగతి మీ శాఖది కాకపోతే మీరెందుకు మాట్లాడుతున్నారు? నేను జవాబు రాయడం పూర్తయ్యేలోపే తరువాతి ప్రశ్న తయారుగా ఉండేది. అప్పట్లో నాకు అది జ్ఞానతృష్ణలా కనబడింది. ఎంత ఓపికగా అడుగుతున్నాడో చూడమని మా నర్సుతో మెచ్చుకున్నాను కూడా.

మా ఆడపడుచు పక్క మండలంలో ఉంటుంది. ఒకరోజు ఫోన్ చేసి, ‘వదినా, మీ మాత్రల గురించి మా గ్రూపులో ఏటో పెట్టినారు, సూడు’ అంది. చూశాను. మా పెద్దమనిషే. నేను జవాబిచ్చిన మొట్టమొదటి ప్రశ్నే, అక్షరం మారలేదు. కింద ఒక వాక్యం మాత్రం కొత్తది: ‘ఈ ప్రశ్నకు ఇప్పటి వరకు ఏ ఒక్కరూ సమాధానం చెప్పలేదు. ఎందుకో మీరే ఆలోచించండి.’

అన్నం మానుకుని రాసిన జవాబది. చేతులు జోడించి పుచ్చుకున్నాడు కదా! నిద్రపోయేవాణ్ణి లేపగలం గానీ నిద్ర నటించేవాణ్ణి లేపలేం అని ఊరికే అంటామా? ఆ మనిషికి నా జవాబు అక్కర్లేదు. జవాబు లేనట్టు కనబడ్డం కావాలి, దానికి నా వేళ్లు అరిగిపోవాలి.

మా నర్సుకి చెప్పాను. ఆ పిల్లకి నాకంటే కోపం ఎక్కువ. ‘ఇంక గ్రూపులో ఎవరు వెటకారం సేసినా ఊరుకోను మేడం’ అంది. సరిగ్గా ఆ వేడి మీదున్నప్పుడు ఒక ఆడమనిషి గొంతు గ్రూపులోకి వచ్చింది. టైపు చేయడం రాదు గనక మాట రికార్డు చేసి పంపింది.

‘నర్సమ్మ గోరూ, తిన్నాక మాత్ర ఏసుకోమంతన్నారు. పొద్దున్న మేం సోడంబలి తాగీసి పన్లోకి ఎలిపోతాం. అంబలి తాగితే తిన్నట్టేనా, కాదా?’

ఆ ఊళ్లో అంబలి అంటే ఏమిటో మీకు చెప్పాలి. చోడిపిండి, అంటే రాగిపిండి, కాచి, చల్లార్చి, మజ్జిగో ఉల్లిపాయో ఉంటే వేసుకుని చెంబుతో తాగుతారు. దాన్ని ఎవరూ భోజనం అనరు. అంబలి తాగి వచ్చినవాణ్ణి ‘కూడు తిన్నావేటి?’ అని అడిగితే ‘ఇంకా నేదు’ అంటాడు.

కానీ గ్రూపులో ఉన్న కుర్రకారుకి ఆ ప్రశ్న నవ్వులాట అయింది. ఒకడు ‘టీ తాగితే?’ అన్నాడు. ఇంకొకడు ‘కల్లు తాగితే?’ అన్నాడు. పళ్లికిలించే బొమ్మలు కుప్పలు కుప్పలుగా పడ్డాయి. పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. ‘దయచేసి హాస్యం వద్దు. శాస్త్రీయంగా చర్చిద్దాం’ అని పెట్టాడు. మా నర్సు చూసేసరికి ఇదీ పరిస్థితి. ఈ గోలకి మొదలెవరు? అంబలి అడిగిన మనిషి. మాత్రల మీద వెటకారం ఆడుతోందనుకుని ఆమెను గ్రూపులోంచి తీసేసింది. నమస్కారాలు పెట్టేవాడు లోపలే ఉన్నాడు.

మర్నాడు పొద్దున్న ఊరి చివరి వీధికి మాత్రలు పట్టుకెళ్లాం. అందరూ కూలి పనులకి పోయేవాళ్లు. ఊడ్పుల రోజులు. ఏ ఇంటికి వెళ్లినా ‘మింగీసినాం, ఎల్లండి’ అన్నారు. అప్పుడే ఊళ్లోకి తెచ్చిన మాత్రలు వాళ్లెక్కడ మింగారు? ఒక ముసలాయన అరుగు దిగి ఎదురొచ్చాడు.

‘మా మనిషిని తీసీసి మా గుమ్మాల్లోకొస్తారేటి? అక్కడ మా మాటొద్దు గానీ, ఇక్కడ మా నోరు కావాలా మీకు?’

మా నర్సు మొహం పాలిపోయింది. అంబలి సంగతి అడిగిన మనిషి ఇల్లెక్కడో కనుక్కుని తిన్నగా అక్కడికే వెళ్లాం.

గుమ్మం పక్కన ఆమె తల్లి కూర్చుని ఉంది. ఎడమకాలు మోకాలి కిందనుంచి వాచి, చర్మం మందంగా, నల్లగా అయిపోయింది. కూతురు చీర ఎగదోపుకుని పనికి బయలుదేరుతోంది. ఆమె పిల్లలు, ఇద్దరు చిన్న గుంటలు, అంబలి చెంబు దగ్గర కొట్టుకుంటున్నారు.

‘నానేటి తప్పడిగినాను నర్సమ్మా?’ అంది నన్ను చూడగానే. ‘ఆ మేడాయన పొద్దు పొడిసిన కాడ్నుంచీ అడుగుతానే ఉంతాడు. ఆయన్ని ఉంచినారు. నాను ఒక్కటంటే ఒక్కటి అడిగితే తీసీసినారు.’

‘నువ్వు ఎటకారం సేస్తన్నావని మా పిల్ల అనుకున్నాదమ్మా.’

‘ఎటకారమా? పోయినేడు మీరొచ్చి మీ ముందరే మింగమన్నారు, మింగినాను. సేలోకి దిగేసరికి కళ్లు తిరిగిపోనాయి. గట్టుమీద కూలబడి కక్కీసినాను. నాకంటే సరే. ఈ గుంటలకి అలాగొస్తే నానేటి సెయ్యాల? మా అమ్మ కాలు సూడు. మింగకపోతే అదొక భయం, మింగితే ఇదొక భయం. అందుకే అడిగినాను.’

పిల్లలూ, నా ఉద్యోగంలో ఎందరో అధికారులు నన్ను ప్రశ్నలడిగారు. ఇంత పనికొచ్చే ప్రశ్న ఒక్కరూ అడగలేదు. మేం ఏటేటా పొద్దున్నే బయలుదేరేవాళ్లం. ఎందుకంటే ఎండెక్కకముందే మాత్రలు మింగించిన ఫొటోలు పై ఆఫీసుకి పంపాలి. పొద్దున్న ఆ వీధిలో ఎవరి కడుపులోనూ అంబలి తప్ప ఏమీ ఉండదు. ‘తిన్నారా?’ అని మేం అడిగితే, నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది కదా అని మొహమాటానికి ‘ఆఁ ఆఁ’ అనేవాళ్లు. మాత్ర వేసుకుని చేలో వాంతులు చేసుకునేవాళ్లు. ఆ తరువాతి ఏడు మాత్ర చూరులోకి పోయేది. జనానికి బుద్ధి లేదని మేం మీటింగుల్లో చెప్పుకునేవాళ్లం.

వీధిలో వినబడేటట్టు గట్టిగానే చెప్పాను. ‘తప్పు మాది. నిన్ను తీసీడం తప్పు, నవ్వినవాళ్లని అడక్కపోడం తప్పు. అంబలి మీద మింగొద్దు. పన్నుంచొచ్చి కూడు తినండి. ఆ యేలకి మేమే వస్తాం. కూడు తిన్నా కూడా కొందరికి జ్వరం, కళ్లు తిరగడం ఉంతాది. తొందర్లోనే తగ్గిపోతాది. తగ్గకపోతే నాకు ఫోన్ కొట్టండి, నానే వస్తాను.’

మా నర్సు అక్కడే నిలబడి, ఫోన్ తీసి, ఆమెను మళ్లీ గ్రూపులో చేర్చింది. ‘ఏటనుకోకు అప్పా’ అంది, అక్క వరస కలిపి. ఆ పిల్లకి ఆ మాట అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ఇప్పటికీ ఆ పిల్లంటే నాకు గౌరవం.

పొద్దువాలే వేళ మళ్లీ వెళ్లాం. ఫొటోలు వేళకి పంపలేదని పైనుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి, నేను తీయలేదు. వీధివాళ్లు అన్నాలు తిని మూతులు తుడుచుకుంటూ వచ్చి ఆమె ఇంటిముందు మూగారు. అందరూ ఆమెకేసే చూస్తున్నారు. ఆమె మింగితే వీధి మింగుతుంది, లేకపోతే లేదు. నలుగురైదుగురు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. ఆమె మాత్రలు అరచేతిలో పెట్టుకుని ఇంకో ప్రశ్న అడిగింది.

‘మా అమ్మకి కూడా ఇస్తన్నారు గదా. మింగితే ఆ కాలు తగ్గుతాదా?’

మా నర్సు వెనకనుంచి నా మోచేయి నొక్కింది. తగ్గుతుందని ఒక్క ముక్క అంటే చాలు, వీధి మొత్తం మాది. పైగా ఫోన్లన్నీ నా మొహమ్మీదే ఉన్నాయి. భయం వేసింది నాకు, అబద్ధమెందుకు? కానీ తల్లి కాలు చూస్తూ కూతురు అడిగిన ప్రశ్నకి అబద్ధం చెప్పి, రేపు అదే వీధిలో ఏ మొహం పెట్టుకుని తిరుగుతాను?

‘తగ్గదమ్మా’ అన్నాను. ‘అంతలా వాచిపోయిన కాలు ఈ మాత్రకి మామూలుగా అవ్వదు. రోజూ సబ్బుతో కడిగి, ఏళ్ల సందుల్లో తడి నేకుండా తుడిసి, పుండు పడకుండా సూసుకుంటే ఇంకా పెరక్కుండా ఆపొచ్చు. ఎలాగో నాను సేసి సూపిస్తాను.’

ముసలామె కాలు ముందుకి చాపి, ‘మరి నానెందుకేటి మింగడం?’ అంది.

‘నీ కాలికోసం కాదు. నీ ఒంట్లో పురుగుంటే దోమ దాన్ని మోసుకెళ్లి నీ మనవల్ని కుడతాది. వాళ్ల కాళ్లకోసం మింగు.’

ముసలామె మనవలకేసి చూసింది. కూతురు మాత్రలు నోట్లో వేసుకుంది, నీళ్లు తాగింది, నోరు తెరిచి నాకు చూపించింది. ‘ఈ ముక్క ముందే సెప్తే అయిపోను గదా’ అంది. తర్వాత తల్లికిచ్చింది, గుంటలకిచ్చింది. ముసలాయన వచ్చి చెయ్యి చాపాడు. ఆ వీధిలో ఆ ఏడు ఒక్క మాత్ర కూడా చూరెక్కలేదు.

ఇక్కడితో అయిపోతే ఇది మంచి కథే. మర్నాడు పెద్దమనిషి గ్రూపులో వీడియో పెట్టాడు. వీధివాళ్లలో ఎవరో పంపినది ఆయన చేతికి చేరింది. అందులో నేను ‘తగ్గదమ్మా’ అంటాను. అక్కడితో కత్తిరించేశాడు. ముసలామె ప్రశ్న లేదు, నా జవాబు లేదు. కింద రాత: ‘నమస్కారం. మాత్రతో జబ్బు తగ్గదని ఆరోగ్య సిబ్బందే అంగీకరించారు. మరి ఎందుకు ఇస్తున్నట్టు? అడుగుతున్నాను, అంతే.’

తీసేద్దాం మేడం అంది మా నర్సు. వద్దన్నాను. ఆయన లోపలే ఉండాలి, నేనేమంటానో వినాలి. టైపు చేయలేదు. నేనూ మాటే రికార్డు చేసి పంపాను.

‘అయ్యా, మీరు ఇప్పటిదాకా అడిగినవాటికి నేను జవాబులిచ్చాను. మీరు పుచ్చుకున్నారు. పక్క మండలంలో ఎవరూ జవాబివ్వలేదని రాశారు. నిన్న నేను చెప్పిన జవాబులో సగం కోసేశారు. ఇవాళ నేను మిమ్మల్ని ఒకటే అడుగుతాను. నేను ఏ జవాబు చెబితే మీరు ఈ మాత్ర మింగుతారు? ఆ జవాబు ఏదో చెప్పండి. అది నిజమైతే చెబుతాను, నిజం కాకపోతే కాదని చెబుతాను.’

గ్రూపంతా ఆయన కోసం ఎదురుచూసింది. మధ్యాహ్నానికి వచ్చాడు. ‘ఇది నా ప్రశ్నకు సమాధానం కాదు. ప్రశ్నించడం నా హక్కు’ అన్నాడు.

‘హక్కే. అడుగుతూ ఉండండి. మీకు జవాబు చెప్పడం మాత్రం నేను ఇక్కడితో మానేస్తున్నాను. మిగతావాళ్లు ఎవరు ఏమడిగినా చెబుతాను, గుమ్మంలోకొచ్చి మరీ చెబుతాను’ అన్నాను. అన్నాక ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అన్నం వేడివేడిగా తిన్నాను ఆ పూట.

మీలో కొందరికి సందేహం రావచ్చు. ఎవరు నిజంగా అడుగుతున్నారో, ఎవరు నటిస్తున్నారో తేల్చడానికి నువ్వెవరు అని. మంచి సందేహమే. మాట తీరు చూసి తేల్చబోతే మాలాగే బోర్లా పడతారు. మర్యాద మాట ఆయనది, మొరటు మాట ఆమెది. మేం మర్యాదని నమ్మి మొరటుదనాన్ని గెంటాం. అడిగినవాళ్ల మనసులోకి తొంగిచూడడం ఎవరి తరమూ కాదు. జవాబు చెప్పాక ఆ జవాబుని ఏం చేస్తున్నారో చూడండి, అది అందరికీ కనబడుతుంది. ఆమె దాన్ని ఇంటికి తీసుకెళ్లింది. ఆయన సగానికి కోసి అమ్ముకున్నాడు. అందుకని మొదటి జవాబు ఎవరికైనా ఇవ్వాల్సిందే, పెద్దమనిషికైనా సరే. ఎన్నోది ఆఖరిదో మాత్రం మీరే నిర్ణయించుకోవాలి. అదెవరూ మీకు చెప్పరు, చెప్పనివ్వకండి.

పెద్దమనిషి ఊరుకుంటాడా? ‘ప్రజల ప్రశ్నలకు జవాబు నిరాకరించిన ఉద్యోగి’ అని పైకి ఫిర్యాదు పెట్టాడు. కత్తిరించిన వీడియో కూడా జత చేశాడు. పిలుపు వచ్చింది.

మా పై అధికారి చెడ్డవారు కాదు. ఆయనకీ పైనున్నవాళ్లు ఉన్నారు, అంతే. నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, నెమ్మదిగా మొదలుపెట్టారు.

‘ఎందుకమ్మా ఈ గొడవ, దిగిపోయే ముందర? గ్రూపులో రెండు ముక్కలు పెట్టెయ్యండి. ఒకటి, వాపు తగ్గదన్నది పొరపాటున అన్నాను, మందు వాడితే ఉపశమనం ఉండొచ్చు అని. రెండోది, ఆయనకి క్షమాపణ.’

‘మొదటిది పెట్టలేను సార్. ఆ వీధిలో ముసలామె కాలు రోజూ చూసుకుంటుంది. ఏడాది తిరిగినా తగ్గకపోతే నన్ను కాదు, మాత్రని తిడతారు. మళ్లీ చూరులోకే.’

‘సరే, అది వదిలెయ్యండి. క్షమాపణకేం? నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. ఆ కూలిమనిషికి వీధిలో అందరిముందూ తప్పు మాదని చెప్పారట కదా. ఆమెకి చెప్పగలిగినవారు ఈయనకి చెప్పడానికి ఏమడ్డం?’

టీ కప్పు బల్లమీద పెట్టాను.

‘ఆమె నా జవాబు విని మాత్ర మింగింది సార్. ఈయన్నీ మింగమనండి. మింగిన రోజున ఆయన మేడ మెట్లెక్కి, వీధంతా వినబడేలా క్షమాపణ చెప్పి వస్తాను.’

మెమో ఇచ్చారు, సంతకం పెట్టి తీసుకున్నాను. దాంతోనే దిగిపోయాను. మాత్ర మింగానని పెద్దమనిషి దగ్గర్నుంచి మాత్రం ఇంకా కబురు రాలేదు.